నల్లగుడ్డకు అంటని ఉప్పు

బొలాన్ కనుమలోని మాచ్ ఊళ్లో బొగ్గు లారీలు బాగుచేసే దిల్‌మురాద్ నోటికి జడిసి డ్రైవర్లు ఆయన కొట్టు ముందు బండి ఆపేటప్పుడే గొంతు సవరించుకునేవారు. బండి ఎందుకు చెడిందో చెప్పే ముందు డ్రైవరు ఎందుకు చెడిపోయాడో చెప్పడం ఆయన అలవాటు. "ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదురా, జబ్బంతా స్టీరింగు వెనకాల కూర్చుంది" అనేవాడు. అంటూనే మోచేతుల దాకా నూనె పూసుకుని పొద్దు వాలేదాకా పనిచేసేవాడు. బొలాన్ కనుమ పొడుగునా ఆయన చేత తిట్లు తినని డ్రైవరు లేడు. ఆయన వద్దంటే బండి తీసిన డ్రైవరూ లేడు.

తండ్రి గొర్రెల కాపరి. ఆ కొండల్లో తిరిగే బ్రాహుయీ తెగవాళ్లందరిలాగే చలికాలం రాగానే కలాత్ కొండల మీంచి దిగి, ఒంటెల మీద గుడారాలు వేసుకుని, కచ్ఛీ మైదానానికి పోయి, ఎండలు ముదిరాక తిరిగి కొండెక్కేవాడు. ఒక ఏడు వాన మొహం చాటేసింది. గొర్రెలు దారిలోనే రాలిపోయాయి. మందలేని కాపరి ఏ మొహం పెట్టుకుని కొండెక్కుతాడు? మాచ్ దగ్గరే ఆగి బొగ్గు గనిలోకి దిగాడు. కొడుకు ఒళ్లు సన్నం కాబట్టి రైలు షెడ్డులో పెట్టాడు. కనుమ ఎక్కే రైళ్లకు వెనకనించి ఆనుకుని తోసే ఆవిరి ఇంజన్లు ఉండేవి అప్పట్లో. వాటి బాయిలర్ల కడుపులోకి దూరి, గోడలకు పేరుకున్న తెల్ల పెచ్చును సుత్తితో రాలగొట్టడం దిల్‌మురాద్ పని. బయటికొచ్చేసరికి పిండి మరలోంచి వచ్చినట్టు ఉండేవాడు. ఆ పెచ్చు మరేమీ కాదు, బొలాన్ నీళ్లలోని ఉప్పూ సున్నమూ. అక్కడి నీటిని ఏ గిన్నెలో కాచినా అడుగున రాయి మిగులుతుంది.

ఆవిరిగా లేచి చల్లబడిన నీటికి ఉప్పుండదు, నీరు నీరుగానే ఎగిరిపడితే ఉప్పుంటుంది. షెడ్డులో నేర్చుకున్న ఈ ఒక్క ముక్కే ఆయనకు బతుకంతా తిండి పెట్టింది. ఆవిరి ఇంజన్లు పోయి, షెడ్డుకు తాళం పడ్డాక, రోడ్డు పక్కన రేకుల కొట్టు వేసుకున్నాడు. బొగ్గు తోలే విలాయతీ లారీలు అప్పటికే ముసలివి. ఎక్కడో తెల్లవాళ్ల దేశంలో పుట్టి, వాళ్లే మరిచిపోయాక కూడా, ఆ కొండల్లో నెత్తిన నెమళ్ల బొమ్మలూ గులాబీలూ వేయించుకుని, మోయకూడని బరువు మోస్తూ తిరిగేవి. ఆ వయసులో వాటికి వచ్చే పెద్ద రోగం ఒకటుంది. ఇంజిన్ నెత్తి మీది మూత, అదే హెడ్డు, వేడికీ చలికీ పగులుతుంది. ఆ పగులులోంచి రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి ఊరతాయి. కింద చుక్క కారదు, పైన నీళ్లు మాత్రం తగ్గిపోతుంటాయి, పొద్దున్నే పొగగొట్టం తుంపర చిమ్ముతుంది.

అయితే చలికాలం పొద్దున ఏ లారీ గొట్టం తుంపర చిమ్మదు గనక? నూనె మండితే పుట్టే చెమ్మ కూడా చల్లటి గొట్టంలో నీరై కారుతుంది. రోగం ఏదో, చలి ఏదో తెలిసేదెలా? దానికి దిల్‌మురాద్ పద్ధతి నల్లగుడ్డ. రాత్రంతా ఆగిన బండిని పొద్దున లేపుతూనే గొట్టం మూతికి నల్లగుడ్డ కట్టేవాడు. కాసేపు ఇంజిన్‌ను గుర్రుమనిపించి, తడిసిన గుడ్డను బొగ్గు పొయ్యి మీద ఆరబెట్టేవాడు. రాత్రి సిలిండర్‌లోకి ఊరిన బొలాన్ నీళ్లే చిమ్మితే గుడ్డ మీద తెల్లటి ఉప్పు పూసేది. హెడ్డు విప్పాల్సిందే. గుడ్డ నల్లగానే ఉంటే అది ఉత్త చెమ్మ. ఉప్పు పూసిందన్న బండి హెడ్డు విప్పి చూస్తే పగులు ఉండి తీరేది. గుడ్డ నల్లగా ఉందన్న బండి దర్జాగా కనుమ దిగి సిబీ దాకా పోయి వచ్చేది. ఎన్నో ఏళ్లు అలా జరిగేసరికి జనానికి ఆ గుడ్డ పీరు గారి తాయెత్తయి కూర్చుంది. నన్నడిగితే, ఆయనకూ అంతే అయింది.

ఆ శీతాకాలం కనుమ పైనున్న కోల్‌పూర్ దగ్గర మంచు ముందుగానే పడింది. సబ్జల్ అనే డ్రైవరు ఒకరోజు పొద్దున్నే కొట్టుకు వచ్చాడు. కొట్టుకూ అతని ఇంటికీ పిలిస్తే పలికే దూరం. రాత్రి బొగ్గు నింపిన లారీని కొట్టు ముందే ఆపి ఇంట్లో పడుకున్నాడు. తల్లి మాహ్‌గంజ్‌కు వీడొక్కడే. తండ్రి గనిలో పోయాడు. దిల్‌మురాద్‌కు వాళ్లు దూరపు చుట్టాలు. సబ్జల్‌కు స్టీరింగు పట్టడం నేర్పించిందీ, హాజీ గోహ్రామ్‌కు చెప్పి ఈ లారీ ఇప్పించిందీ ఈయనే. ఆ లారీని అందరూ ముసలమ్మ అనేవారు.

"కాకా, ముసలమ్మ నీళ్లు తాగేస్తోంది" అన్నాడు సబ్జల్.

"ముసలితనంలో దాహం ఎక్కువేరా. మీ లుమ్మానడుగు, చెబుతుంది" అన్నాడు దిల్‌మురాద్, తల ఎత్తకుండానే. లుమ్మా అంటే అక్కడ అమ్మే.

"నవ్వులాట కాదు. కింద ఎక్కడా తడి లేదు. పోసిన నీళ్లు పోసినట్టే మాయం. పొద్దున్నే గొట్టంలోంచి తెల్లపొగ, తుంపర."

"నీ నోట్లోంచి మాత్రం రావట్లేదా తెల్లపొగ? నీకూ హెడ్డు పగిలిందేమో, పడుకో విప్పి చూస్తా."

పొయ్యి చుట్టూ టీ తాగుతున్న డ్రైవర్లు నవ్వారు. సబ్జల్ కూడా నవ్వి వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఎండుమాంసం ముక్క నములుతూ కోల్‌పూర్ కబురు ఎత్తుకున్నాడు. అతను కబురు చెబితే చేతిలో పని ఆగిపోవాల్సిందే. 

"మొన్న రాత్రి కోల్‌పూర్‌లో పడుకున్నా. గడ్డకట్టి రేడియేటర్ పగులుతుందని నీళ్లన్నీ దింపేశా, మామూలేగా. తెల్లారి పోద్దామంటే హోటలోడి తొట్టి రాయై కూచుంది. గొడ్డలి పెట్టి కొట్టినా పెళ్ల లేవలా. ఏం చేస్తా? వాడి కబాబుల డేగిసా లాక్కుని, నిండా మంచు కుక్కి, కరిగించి, ముసలమ్మ గొంతులో పోశా. దారికని ఒక డబ్బా కూడా నింపుకున్నా. ఆ దరిద్రుడు డేగిసా కడగనే లేదు. దిగేదారంతా బండి వేడెక్కినప్పుడల్లా గొర్రెకొవ్వు వాసన. ఇంజిన్ కాగుతోందా, పులావు ఉడుకుతోందా తెలియక నా కడుపు ఒకటే గోల."

అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది దిల్‌మురాద్. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే లేచి నల్లగుడ్డ తీశాడు.

గొట్టానికి గుడ్డ కట్టారు. సబ్జల్ బండి లేపాడు. ఇంజిన్ కాస్త తడబడి అందుకుంది. తుంపర చిమ్మి గుడ్డ తడిసింది. దిల్‌మురాద్ దాన్ని తెచ్చి పొయ్యి మీద చాపి, తిప్పి తిప్పి ఆరబెట్టి, వెలుగులోకి పట్టుకుని చూపించాడు. నల్లగా ఉంది. ఎక్కడా తెలుపు పొడ లేదు.

"చూశావా? చెమ్మ. ఉత్త చెమ్మ."

"మరి నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?"

దిల్‌మురాద్ ఇంజిన్ మీదికి వంగి, పై గొట్టం దగ్గర బిగింపు వదులుగా ఉందని చూపించి గట్టిగా తిప్పాడు. "ఇదిగో, వేడికి ఇక్కడే ఆవిరై పోతున్నాయి. కింద తడి ఎందుకుంటుంది?"

సబ్జల్‌కు నమ్మకం చిక్కలేదు. "రేడియేటర్ మూత తీసి, బండి లేపి, పగులులోంచి బుడగలొస్తున్నాయేమో చూద్దామా కాకా? పోనీ పసుపు పోయనా? పై ఊళ్లలో అందరూ పగులు పూడాలని పసుపే పోస్తున్నారు."

"ఇంజిన్‌లో కూర వండుతావా? పసుపు పోసినవాడి బండి నేను ముట్టనని తెలుసుగా. నల్లగుడ్డ చెప్పాక ఇంకా బుడగలేంట్రా? ఎప్పటినించి ఉస్తాద్‌వి అయ్యావు నువ్వు?"

"ఇవాళ్టికి ఆగిపోనా మరి?"

"లుమ్మా పక్కన వెచ్చగా పడుకోడానికి సాకు దొరికిందా? పో, బొగ్గు కోసం సిబీలో కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు."

మళ్లీ నవ్వులు. సబ్జల్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంక ఒక్క మాట మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నాడు. బొగ్గు ఎత్తే నిహాల్ అనే కూలీ సిబీలో అక్కను చూడాలని పక్కన ఎక్కాడు. ముసలమ్మ మెడలోని గంటలు మోగించుకుంటూ మలుపు తిరిగిపోయింది.

మధ్యాహ్నం దాటాక కింద నుంచి వచ్చిన బస్సువాళ్లు కబురు తెచ్చారు. ఆబ్-ఏ-గుమ్ ఊరు దాటిన దిగుడులో లారీ అదుపు తప్పి, మలుపు దగ్గర గట్టు దూకి, బొలాన్ ఏటి రాళ్లలో పడింది. సబ్జల్ పోయాడు. నిహాల్ పోయాడు.

ఇద్దరినీ మర్నాడు పూడ్చారు. సబ్జల్ గోతి నిండేదాకా దిల్‌మురాద్ పార ఇంకెవరికీ ఇవ్వలేదు. అప్పటికి అది దుఃఖమే, ఇంకేమీ కాదు. లారీ పడటానికి వెయ్యి కారణాలుంటాయి ఆ కనుమలో.

జనానికి మాత్రం ఒక్క కారణం చాలు. చచ్చినవాడు ఎదురు చెప్పలేడు కాబట్టి ఆ కారణం అతనే అయ్యాడు. చరస్ పీల్చి నిద్రపోయాడన్నారు. రోడ్డు మీద బ్రేకు ఈడ్చిన గుర్తే లేదన్నారు. లారీ యజమాని హాజీ గోహ్రామ్ మసీదు మెట్ల మీదే అన్నాడు: "నా బండి బంగారం. పొద్దున్నే దిల్‌మురాద్ చూసి మరీ పంపాడు. బండిది కాదు, వాడిదే తప్పు." ఆ మాటతో విషయం తేలిపోయినట్టే అయింది. నల్లగుడ్డ పాస్ చేసిన బండి చెడుతుందా? నిహాల్‌కు అన్న అయిన మీరో అనే అతను నలుగురిలో తువ్వాలు విసిరికొట్టి, తన తమ్ముడి చావు సబ్జల్ ఇంటి మీద ఉందన్నాడు.

ఇక మాహ్‌గంజ్‌కు మిగిలింది మేఢ్. తప్పు చేసినవాడి ఇంటివాళ్లు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని, చచ్చినవాడి గడప ముందుకు పోయి తలవంచి నిలబడాలి. ఆ ఇంటివాళ్లు మన్నించాం అనేదాకా అక్కడ గుక్కెడు నీళ్లు కూడా ముట్టకూడదు. మన్నిస్తే ఆ పగ అక్కడితో చల్లారుతుంది. కానీ మేఢ్‌కు పోయారంటేనే తప్పు ఒప్పుకున్నట్టు. కొడుకు మట్టిలో కలిసిన వారంలోనే, వాడు గంజాయి మత్తులో ఒక మనిషిని చంపాడని తల్లి తన కాళ్లతో నడిచిపోయి చెప్పి రావాలి. శుక్రవారం పోదామని పెద్దలు ఖాయం చేశారు.

దిల్‌మురాద్‌కు అన్నం సయించలేదు. సబ్జల్ బీడీ కూడా తాగడు, ఆ సంగతి ఆయనకు తెలుసు. గురువారం పొద్దున్నే సంచిలో పానాలు వేసుకుని, గడ్డపార పట్టుకుని కిందికి పోయే లారీ ఎక్కాడు. బ్రేకు గొట్టం తెగి ఉంటుందనీ, అది చూపిస్తే వాడి పేరు నిలబడుతుందనీ ఆయన ఆశ.

ఆబ్-ఏ-గుమ్‌లో టీ కొట్టువాడు ఒక మాట చెప్పాడు. "ఇక్కడే ఆగాడు ఉస్తాద్, బండి ఆపేసి టీ తాగాడు. మత్తూ లేదు పాడూ లేదు, నాతో కబాబుల డేగిసా గురించి చెప్పి నవ్వించాడు. మళ్లీ లేపబోతే బండి లేవలా. లోపల టప్‌మని ఒక్క చప్పుడొచ్చి ఆగింది. రెండోసారి లేచింది గానీ కొట్టుకుంటూ లేచింది."

ఆ చప్పుడు మాట వినగానే దిల్‌మురాద్ సంచీ అందుకున్నాడు. టీ ముట్టకుండానే లేచాడు.

లారీ బొలాన్ రాళ్ల మధ్య పక్కకు ఒరిగి పడి ఉంది. నెమలి బొమ్మ మీద బొగ్గు కుప్ప పడింది. బ్రేకు గొట్టాలు ముందు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. వెనక ఇరుసు కడ్డీ తెగి ఉంది. ఇంజిన్ పక్కనున్న ఇనుప గోడకు పిడికిలంత కన్నం, ఆ కన్నంలోంచి విరిగిన పిస్టన్ కడ్డీ బయటికి పొడుచుకొచ్చింది. మిగిలిన నట్లు విప్పి, హెడ్డును గడ్డపారతో లేపి, బోర్లించి చూశాడు. రెండు రంధ్రాల మధ్య వెంట్రుక మందాన పగులు. దాని చుట్టూ ఇనుము కడిగినట్టు శుభ్రంగా ఉంది. పక్కనున్నవన్నీ మసి పట్టి ఉంటే ఆ ఒక్క సిలిండరే నీళ్లతో స్నానం చేసింది.

ఆయనకు చదవడం రాదు గానీ ఇనుము చదవడం వచ్చు. జరిగిందంతా వరసగా కళ్ల ముందు నడిచింది. టీ కోసం బండి ఆపినప్పుడు, వేడెక్కిన రేడియేటర్ హెడ్డు పగులులోంచి సిలిండర్‌లోకి నీళ్లు నెట్టింది. మళ్లీ లేపితే పిస్టన్ పైకొచ్చింది. గాలైతే నలుగుతుంది, నీరు నలగదు. టప్‌మని కడ్డీ వంగింది. వంగిన కడ్డీతోనే దిగుడులోకి దిగాడు. అక్కడ అది విరిగి ఇంజిన్ గోడను బద్దలు కొట్టింది. ఇంజిన్ బిగుసుకుంది, వెనక ఇరుసు తెగింది. ఇక బండిని పట్టి ఉంచే దిక్కు లేదు. ఆ ముసలి లారీకి బ్రేకు బలం కూడా ఇంజిన్ తిరుగుతున్నంత సేపే. అది ఆగాక రెండు తొక్కులకు పెడల్ రాయైపోతుంది. రోడ్డు మీద బ్రేకు గుర్తు అందుకే లేదు. సబ్జల్ ఆ రాయిని మలుపు దాకా తొక్కుతూనే ఉండి ఉంటాడు.

మరి గుడ్డ ఎందుకు అబద్ధం చెప్పింది?

రేడియేటర్ నలిగిపోయినా అడుగు తొట్టిలో కాసిని నీళ్లు మిగిలాయి. వాటి మీద తెల్లటి పొర తేలుతోంది. వేలితో తీసి చూశాడు. గొర్రెకొవ్వు. నీళ్లు నోట్లో వేసుకున్నాడు. తియ్యగా ఉన్నాయి. ఆ కనుమలో ఏ బావిలోనూ, ఏ ఊటలోనూ అంత తియ్యటి నీళ్లు లేవు. అవి మంచునీళ్లు. మంచుకు ఉప్పెక్కడిది, గుడ్డకు అంటడానికి? పసుపు పోసి ఉన్నా గుడ్డ పచ్చబడి చెప్పేది. అది కూడా పోయనివ్వలేదు తను.

దిల్‌మురాద్ రాయి మీద చతికిలబడి ఏడ్చాడు. గోతి దగ్గర రాని ఏడుపు అక్కడ వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ హెడ్డును చూసి ఇంత కథ చదవగలవాడు బొలాన్‌లో ఆయనొక్కడే. దాన్ని రాళ్లలో పారేసి వస్తే అడిగేవాడు లేడు. ఆయన పేరు ఆయనకుంటుంది, కొట్టు ముందు లారీల వరస తగ్గదు. పోయేదల్లా చచ్చిన కుర్రాడి పరువు. ఆ ఆలోచన ఆయనకు రాలేదని నేననను. హెడ్డు పెట్టిన సంచీ బరువుగా ఉందని రెండుసార్లు దింపాడు, మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక మాహ్‌గంజ్ వాకిట్లో పెద్దమనుషులు గుమిగూడారు. ఆమె ఖురాన్‌ను గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని గడప దిగుతోంది. దిల్‌మురాద్ ఎదురుపోయి హెడ్డును ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇది మోసుకుపోవాల్సింది నేను అక్కా. నువ్వు కాదు."

"ఏంటిది?"

"ఇంజిన్ హెడ్డు. పగిలింది. ఆ పొద్దున్నే పగిలి ఉంది. వాడు నీళ్లు పోతున్నాయన్నాడు, నేను లేదన్నాను. ఆగుతానన్నాడు, నేను పొమ్మన్నాను. నీ కొడుకు నిద్రపోలేదు. ఆఖరి దాకా బ్రేకు తొక్కాడు."

 మాహ్‌గంజ్ ఆ ఇనుము వైపు చాలాసేపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. ఖురాన్ మూటను ఆయన చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. నేనూ వస్తా. నా కొడుకు గురించి నువ్వేం చెబుతావో నా చెవులతో వినాలి" అంది.

గని కూలీల లైన్లలో మీరో ఇంటి ముందు ఆయన చెప్పాడు. తడుముకోకుండా, నల్లగుడ్డ దగ్గర్నించి మొదలుపెట్టి అంతా చెప్పాడు. నీళ్లు మంచువి కాబట్టి గుడ్డకు ఉప్పు అంటలేదన్నాడు. హాజీ గోహ్రామ్ మొహం చిట్లించి, ముసలాడికి మతి పోయిందన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మీరో మనిషి మొరటు గానీ మనసు చెడ్డది కాదు. హెడ్డును చేత్తో తడిమి, పగులు మీద గోరు ఆనించి, గట్టిగా నిట్టూర్చాడు.

"మంచు పడటం నీ చేతిలో ఉందా ఉస్తాద్? గుడ్డకు తెలియంది నీకెలా తెలుస్తుంది? దేవుడు రాసింది అలా ఉంది. మా వైపునించి మన్నించాం. ఆ కుర్రాణ్ని నోటికొచ్చినట్టు అన్నందుకు నువ్వే మమ్మల్ని మన్నించమ్మా" అన్నాడు మాహ్‌గంజ్‌తో.

లోపల్నించి కూజా వచ్చింది. అందరూ నీళ్లు తాగారు. దిల్‌మురాద్ కూడా తాగాడు. అవి ఉప్పటి బొలాన్ నీళ్లు. పెద్దమనుషులు ఆయన భుజం తట్టారు, ఒకాయన కావిలించుకున్నాడు కూడా. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఆయనకు పుండు మీద కారం చల్లినట్టు ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దలు బజారు వైపు పోయారు. మాహ్‌గంజ్, దిల్‌మురాద్ ఇద్దరే రైలుకట్ట వెంట నడిచారు. ఆమె ముందు, ఆయన వెనక. కట్ట సగం దాటాక ఆమె ఆగింది, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"గుడ్డకు తెలియదు, సరే. నీకు తెలుసా?"

వెనక ఆయన అడుగు కూడా ఆగింది.

"పోయే ముందు రాత్రి ఇంటికొచ్చి కబాబుల డేగిసా కబురు చెప్పాడు. మంచు కరిగించి బండికి పోశానని. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పెట్టాయి. వాడి కడుపులో కబురు ఆగదు. టీ కొట్టువాడికి కూడా చెప్పాడట. పొద్దున్నే నీ దగ్గరికొచ్చి, నీకు చెప్పకుండా ఉంటాడా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. ఊరంతా మన్నించేసింది. ఆ పొయ్యి దగ్గర కబురు విన్నవాళ్లకు ఉప్పుకూ మంచుకూ ముడి పెట్టడం తెలియదు.

"చెప్పాడక్కా."

"నువ్వేమన్నావు?"

"నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వుతూనే లేచి గుడ్డ కట్టాను."

మాహ్‌గంజ్ తల ఊపింది, అడిగింది సరిగ్గానే అడిగానన్నట్టు. శాలువా మొహం మీదికి లాక్కుని నడిచింది. ఇంటి గడప దగ్గర మళ్లీ ఆగింది.

"నా కొడుకు పేరు కడిగావు. దానికి నీ మీద కోపం లేదు. మిగతాదానికి మాత్రం నా దగ్గర నీళ్లు లేవు దిల్‌మురాద్. రేపు కూడా ఉండవు. అడగడానికి రాకు."

ఖురాన్ మూట తీసుకుని తలుపు వేసుకుంది. ఆయన ఖాళీ చేతులతో కొట్టుకు పోయాడు.

కొట్టు మూసేస్తాడనుకున్నారు చాలామంది. మూయలేదు, ఇంకేం చేతనవును ఆయనకు? ఆ నల్లగుడ్డను పొయ్యిలో వేశాడు. లారీలు తగ్గాయి గానీ ఆగలేదు. తిట్లు మాత్రం ఆగిపోయాయి. అది డ్రైవర్లకు మొదట్లో హాయిగా ఉండి, తర్వాత భయంగా ఉండేది. బండి వస్తే ఇంజిన్ మీద చెయ్యి వేసేవాడు కాదు. డ్రైవరును పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, ఎదురుగా కూర్చునేవాడు. ఎక్కడ పడుకున్నావు, నీళ్లెక్కడివి, దారిలో ఎక్కడాగావు అని అడిగేవాడు. అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని వినేవాడు.

మరుసటి ఏడు మంచు పడ్డాక కోల్‌పూర్ వైపునించి ఒక డ్రైవరు వచ్చాడు, వాగుడుకాయ. దారిలో తన లారీకి ఒంటె అడ్డొచ్చిన సంగతి చెప్పుకుంటూ తానే పగలబడి నవ్వాడు. దిల్‌మురాద్ నవ్వలేదు. కథ అయిపోయేదాకా కళ్లార్పకుండా విన్నాడు.

"ఇంకా?" అన్నాడు.

"ఇంకేముంది కాకా, ఒంటె పక్కకి పోయింది, నేను వచ్చేశా. అంతే."

"ఉంటుంది. బాగా గుర్తు తెచ్చుకో" అన్నాడు దిల్‌మురాద్, అతని ఖాళీ గ్లాసులో మళ్లీ టీ పోస్తూ. "నేను వింటున్నా. చెప్పు."